ఏలికల విడిది ఇండ్లు

రాజధానియందలి సౌధము పదవికి చెందినది. దానిని కట్టించినవారు వేఱు, అలంకరించినవారు వేఱు, అందు నేడు నివసించువారు వేఱు. పదవీస్వీకారమునాడు తాళపుచెవులతో చేతికి వచ్చి, పదవి ముగిసిన మఱునాడే చేజాఱిపోవు అట్టి భవనమునుబట్టి ఒక నాయకుని మనస్సును అంచనా వేయబూనుట న్యాయము కాదు. కాని రాజ్యభారమును నాలుగు దినములు దించుకొని ఊపిరి పీల్చుకొనుటకై అతడు తనంతట తాను ఎంచుకొన్న స్థలము, అచ్చట వసించిన యిల్లు, ఆ యింటికి పెట్టించుకొన్న గోడలు, ఆ గోడలలో విడిపించిన వాకిళ్లు మాత్రము నిక్కముగా అతనివే. ఆ యింటి విస్తీర్ణమెంత, అందలి పాలరాతి వెల యెంత యని విచారించుటకంటె, ఆ ముంగిలికి ఎవరు రాగలిగిరి, ఎవరు రాలేకపోయిరి, ఎవరు పెరటిదారిని వచ్చి పెరటిదారినే పోవలసివచ్చెను అని విచారించినచో చరిత్ర మనకు ఎక్కువ సంగతులు చెప్పును.

క్రీస్తుశకము 26వ సంవత్సరమున రోము చక్రవర్తి టైబీరియస్ నగరమును విడిచి దక్షిణమునకు తరలిపోయి, మఱుసటి యేట నేపుల్సు సమీపమునగల కాప్రి దీవిలో స్థిరపడెను. అటుపిమ్మట 37లో మరణించువఱకు ఆయన రోములో మఱల అడుగుపెట్టలేదు. ఆ చిన్న దీవిలో ఆయనకు పండ్రెండు భవనము లుండెనని టాసిటస్ వ్రాసెను. వానిలో పెద్దదైన విల్లా జోవిస్ తూర్పుకొనను, సముద్రమట్టమునకు మూడువందల మీటర్లకు మించిన యెత్తున, నిట్టనిలువుగా తెగిన కొండ అంచుమీద కట్టబడినది. వాననీటిని పట్టి నిలువచేయు పెద్ద తొట్లను నడుమ నుంచుకొని భవనమంతయు వానిచుట్టును అల్లుకొనిన తీరు నేటి శిథిలములలో సైతము కానవచ్చును. పడవ దిగుటకు తగిన రేవు ఇంచుమించు ఒక్కటియే యుండుట ఆ దీవిలో చక్రవర్తికి మిక్కిలి నచ్చిన గుణమని స్వెటోనియస్ చెప్పెను. ఆయనయే చెప్పిన మఱియొక కథ యున్నది. చక్రవర్తి దీవికి వచ్చిన కొలది దినములకే ఒక బెస్తవాడు తన వలలో పడిన పెద్ద చేపను ఏలినవారికి కానుక యిచ్చు కోరికతో, దారియు తెన్నును లేని వెనుకటి బండలమీదుగా ప్రాకి వచ్చి హఠాత్తుగా ఆయన యెదుట నిలిచెను. ఎవ్వరును రాలేరని నమ్ముకొన్న వైపునుండి ఒక మనుష్యుడు రాగలుగుటకు బెదరిపోయిన చక్రవర్తి, ఆ చేపతోనే వాని ముఖమును రుద్దించెను. పట్టిన పెద్ద పీతను కూడ తేకపోవుట మేలయ్యెనని ఆ బాధలో వాడనగా, ఆ పీతను తెప్పించి దానితో ముఖమును చీరించెను.

స్వెటోనియస్ ఎనుబది యేండ్లు గడచిన పిమ్మట, టైబీరియస్‌ను ద్వేషించినవారి మాటలు విని వ్రాసినవాడు కావున ఈ కథలోని ప్రతియక్షరమును నమ్మనక్కఱలేదు. ఐనను ఆ దీవినుండి పరిపాలన యెట్లు సాగెనో తెలుపు విషయములు గట్టి ఆధారముగలవే. రోములో అంగరక్షక సేనాధిపతి సెజానుస్ సర్వాధికారియై వెలిగెను; చక్రవర్తికి చేరవలసిన ప్రతి వార్తయు అతని చేతిమీదుగానే దీవికి పోవలసివచ్చెను; కడకు 31వ సంవత్సరమున కాప్రినుండి వచ్చిన ఒక సుదీర్ఘమైన లేఖను సెనేటు సభలో చదువుచుండగా, తనకు గొప్ప పదవి రానున్నదని ఆశతో వినుచున్న ఆ సెజానుస్‌నే బంధింపుడను ఆజ్ఞ లేఖ చివర బయటపడెను. ఆనాడే అతనిని చంపిరి. ప్రజల ముఖము చూడని ప్రభువు ఉత్తరములతో మనుష్యులను పైకెత్తి ఉత్తరములతోనే పడద్రోయును.

ఇరువదవ శతాబ్దములో ఇట్టి భయమే మఱియొక యింటి తలుపును మూసియుంచెను. మాస్కో పడమటి పొలిమేరను, కున్‌త్సెవో వద్ద చెట్ల నడుమ, మిరోన్ మెర్జానోవ్ అను శిల్పి 1933-34లో కట్టిన డాచా స్టాలిన్ కడపటి యిరువది యేండ్ల నివాసము. చెట్ల ఆకులలో కలసిపోవునట్లు ఇంటికంతకును ఆకుపచ్చని రంగు పూసి, చుట్టును రెండు వరుసల కంచె నిర్మించి, కాపలా దళమును నిలిపిరి. అంత యింటిలోను ఆయన వాడుకొన్నవి ఒకటి రెండు గదులే. సోఫాయే పడక, బల్లమీద ఒకవైపు భోజనము, ఒకవైపు కాగితములు. 1953 ఫిబ్రవరి 28 రాత్రి బేరియా, మాలెంకోవ్, క్రుశ్చేవ్, బుల్గానిన్ అను నలుగురు సహచరులు అచ్చట విందారగించి తెల్లవాఱుజామున వెడలిపోయిరి. మార్చి 1వ తేది ప్రొద్దెక్కెను, మధ్యాహ్నమయ్యెను, లోపలినుండి అలికిడి లేదు, పిలుపు లేదు. పిలువనిదే లోనికి పోరాదను కట్టడియున్నందున, కాపలావారు ఒకరి ముఖ మొకరు చూచుకొనుచు గంటలకొలది వెలుపలనే నిలిచిపోయిరి. సాయంకాలము ఒక గదిలో దీపము వెలుగగా ఊఱడిల్లిరి గాని అటుపిమ్మటను పిలుపు రాలేదు. రాత్రి బాగుగా ప్రొద్దుపోయిన తరువాత, వచ్చిన టపాను అందించు నెపమున ఒక్కడు ధైర్యము చేసి లోనికి పోగా, చిన్న భోజనశాల నేలమీద, పక్షవాతముచే మాట పడిపోయిన స్థితిలో, సగము ప్రపంచమును గడగడలాడించిన పురుషుడు పడియుండెను. వైద్యులు వచ్చునప్పటికి మఱునాటి యుదయమయ్యెను. ఆయనను ఏండ్ల తరబడి పరీక్షించిన వైద్యుడు వినోగ్రాడోవ్ ఆయన యాజ్ఞచేతనే అప్పుడు చెఱసాలలో నుండెను. మార్చి 5న స్టాలిన్ మరణించెను. గంట కొట్టని దినమున సైతము తలుపు త్రోయగల మనుష్యుని ఒక్కనినైనను ఆయన తనచుట్టు మిగుల్చుకొనలేదు.

తలుపులు బార్లా తెఱచియుంచిన యిండ్లును ఉన్నవి. కాని వానిని పొగడుటకు ముందు ఇంకొక వాకిలిని కూడ చూడవలసియున్నది. అమెరికా స్వాతంత్ర్యయుద్ధమును గెలిచి 1783 చివరను సేనాధిపత్యమును త్యజించి పోటోమాక్ నదీతీరమందలి మౌంట్ వెర్నన్ అను తన స్వగృహమునకు మరలివచ్చిన జార్జి వాషింగ్టన్, 1785 జూన్ 30న దినచర్యలో ఒక చిన్న మాట వ్రాసికొనెను: ఆనాడు భోజనమునకు తానును భార్యయును తప్ప వేఱొక్కరు లేరని, ఇంటికి వచ్చిన తరువాత ఇట్లు జరుగుట బహుశః ఇదే మొదటిసారి యని. పరిచయమున్నవారును లేనివారును ఆయనను చూడవచ్చి, భోజనము చేసి, గుఱ్ఱములకు మేత పెట్టించి, రాత్రి నిద్రించి పోవుచుండిరి. ఏలికకును ప్రజలకును నడుమ నుండవలసిన సాన్నిహిత్యమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదని తోచును. కాని ఆ వచ్చినవారికి వండినవారెవరు, వడ్డించినవారెవరు, ఆ గుఱ్ఱములను మాలీసు చేసినవారెవరు? 1799లో మౌంట్ వెర్నన్ పొలములందు 317 మంది బానిసలుండిరి. వాషింగ్టన్ వంటలవాడు, ఆ కాలపు పాకశాస్త్ర నిపుణులలో పేరుగన్న హెర్క్యులెస్, 1797 ఫిబ్రవరి 22న, సరిగా యజమానుని అఱువదియైదవ జన్మదినమునాడు, ఆ యింటినుండి తప్పించుకొని పోయి మఱల చిక్కలేదు. అతిథులు సంతోషముగా నడచి వచ్చు ఇంటినుండి వంటవాడు దొంగచాటుగా పాఱిపోవలసివచ్చెను. తన సొంతమైన 123 మందిని భార్య యనంతరము విడుదల చేయవలెనని వాషింగ్టన్ మరణశాసనము వ్రాసెను. భార్య మార్తా అంతవఱకు ఆగక 1801 జనవరి 1న వారిని విడిచిపెట్టెను. ఆమె మొదటి భర్త ఆస్తివలన సంక్రమించిన మిగిలినవారికి ఆ భాగ్యము లేకపోయెను.

అదే వర్జీనియాలో, షార్లెట్స్‌విల్ చెంత కొండమీద థామస్ జెఫర్సన్ నలువదియేండ్లు కట్టుచు, కూల్చుచు, మఱల కట్టుచు తీర్చిదిద్దిన మాంటిచెల్లో గృహమునందు ఈ విషయము గోడలలోనే చెక్కబడియున్నది. భోజనశాలలోని పొయ్యిగూటికి ఇరుప్రక్కల కొయ్యతలుపులు గల సన్నని అరలున్నవి; క్రింది నేలమాళిగలో ఒకడు ద్రాక్షసారాయపు సీసాను పెట్టి త్రాటిని లాగినచో అది పైకి వచ్చును; పైనున్నవారు తలుపు తీసి సీసాను అందుకొందురు, అంపినవాని చేయి కానరాదు. ఇంకొక గోడలోని తలుపు నడిమి యిరుసుమీద తిరుగును; దాని వెనుకవైపున బల్లలు దిగగొట్టి యున్నవి; సేవకుడు అవతల వంటకములను ఆ బల్లలమీద సర్ది త్రిప్పగా, ఆవిరులు గ్రక్కు పళ్లెరములు మాత్రమే శాలలోనికి వచ్చును, మనిషి రాడు. వంటయిల్లు ప్రక్కనున్న వసారాక్రింద నున్నది. అచ్చటినుండి ఇంటి అడుగున సాగు దారి వెంట, ఎండయు వానయు సోకకుండ, ఎవ్వరి కంటను పడకుండ, వంటకములు వచ్చుచుండెను. సంభాషణను సేవకులు వినకుండుటకై జెఫర్సన్ ఇట్లు చేసెనని ఆయన నెఱిగినవారు చెప్పిరి. అది నిజమే కావచ్చును. ఐనను మానవులందఱును సమానులుగా సృష్టింపబడిరను వాక్యమును వ్రాసిన చేతికి, ఆ వాక్యమును గూర్చి అతిథులతో చర్చించు వేళ ప్రక్కన పళ్లెము పట్టుకొని నిలిచిన బానిస కనబడకుండుట ఎంత యవసరమై యుండునో ఆ తిరుగుడు తలుపును చూచినప్పుడు తెలియగలదు. 1826 జూలై 4న ఆయన మరణించునాటికి అప్పు లక్ష డాలర్లు దాటియుండెను. ఆయన మరణశాసనమున స్వేచ్ఛ పొందినవారు అయిదుగురు. 1827 జనవరిలో, ఆ కొండమీదనే, అప్పులవారికొఱకు ఇంటి సామానుతోను పశువులతోను కలిపి 130 మంది మానవులను వేలము వేయజూపిరి.

ఈ దోషమును కడుగుటకు ఉద్దేశింపబడిన లేఖ్యముయొక్క ఆలోచన కొంత మఱియొక విడిది యింటిలో జరిగెనని తలచినపుడు మనస్సునకు ఊఱట కలుగును. వైట్‌హౌస్‌నకు ఉత్తరమున సుమారు మూడుమైళ్ల దూరమున, వృద్ధులును వికలాంగులునగు సైనికులకొఱకు ఏర్పఱచిన ఆశ్రమముండెను. 1862 ఫిబ్రవరిలో పదునొకండేండ్ల కుమారుడు విల్లీ జ్వరముతో మరణింపగా కుమిలిపోవుచున్న అబ్రహాం లింకన్ దంపతులు, ఆ యేడును తరువాతి రెండేండ్లును వేసవి మొదలు శరత్తు కడపటి వఱకు ఆ ఆశ్రమపు టావరణలోని ఒక కుటీరములో గడపిరి. కొంత ఎత్తున నుండుటచే గాలి తగులుననుట నిజమే గాని, విశ్రాంతికి అది వింత స్థలము. ఇంటికి అనతిదూరముననే సైనికుల శ్మశానము; యుద్ధమునుండి వచ్చు శవములకొఱకు అచ్చట దినదినమును క్రొత్త గోతులు త్రవ్వుచుండిరి. ఉదయ సాయంకాలములందు గుఱ్ఱముమీదనో బండిలోనో నగరమునకు పోయివచ్చు దారిలో, గాయపడినవారి ఆసుపత్రులును, దక్షిణమునుండి పాఱిపోయివచ్చిన బానిసలు తలదాచుకొన్న శిబిరములును ఉండెను. కవి వాల్ట్ విట్మన్ ఆ దారిలోనే ఆయనను ఇంచుమించు ప్రతిదినము చూచుచుంటిననియు, ఒకరికొకరము తలవంచి నమస్కరించుకొను పరిచయ మేర్పడెననియు వ్రాసెను. 1862 సెప్టెంబరు 22న వెలువడిన విముక్తి ప్రకటనను గూర్చిన చింతన ఆ వేసవియంతయు ఆ కుటీరములోను ఈ దారిలోను ఆయన వెన్నంటియుండెను. రాజధానిలోని సౌధమున మంత్రుల మాట వినినవాడు, ఈ మూడుమైళ్ల దారిలో యుద్ధము ఎవరికొఱకో వారిని కంట చూచెను.

ఆ కుటీరమునకు కూడ అర్జీదారులు వచ్చుచునే యుండిరి. ఆ యేటి వేసవిలో ఒక సైనికాధికారి, పోటోమాక్‌పై జరిగిన ఓడ ప్రమాదములో మునిగి చనిపోయిన భార్య దేహమును తెచ్చుకొనుటకు సెలవు దొరకక, రాత్రివేళ అచ్చటికి పోయి అధ్యక్షుని వేడుకొనెనని, అలసట చేత చిరాకుపడిన లింకన్, ఇచ్చట సైతము నాకు విశ్రాంతి యుండదా యని కసరి పంపివేసెనని, మఱునాడు తెల్లవాఱగనే ఆ యధికారి బసకు తానే పోయి క్షమాపణ కోరి అనుమతి యిప్పించెనని ఒక వృత్తాంతము పరంపరగా వచ్చుచున్నది. నాయకుడును మనుష్యుడే, అతనికిని అలసట కలదు, ఏకాంతమును కోరుట నేరము కాదు. తలుపు వేసికొనిన వెనుక రాత్రియంతయు బాధపడి, ఉదయమున తానే ఎదురుపోయిన ఆ నడక మాత్రము అందఱు నాయకులకును అబ్బునది కాదు.

విడిది యింటి కయ్యు వ్యయ మెవరిదన్న ప్రశ్నకు ఇంగ్లండువారు ఒక సమాధానము కనుగొనిరి. బకింగ్‌హాంషైర్‌లోని చెకర్స్ అను తన పాతకాలపు భవనమును సామానుతో సహా ఆర్థర్ లీ దంపతులు ప్రధానమంత్రుల వాడుకకై జాతికి దానము చేయగా, 1917లో పార్లమెంటు దానికొక చట్టము చేసెను. 1921లో లాయిడ్ జార్జి అందు మొదట ప్రవేశించెను. పల్లెపట్టున జమీందారీ భవనములు కలవారే ప్రధానమంత్రులగు కాలము పోవుచున్నదని, ఇకమీదట సామాన్యుల యిండ్లనుండి వచ్చువారు కూడ ఆ పదవి నలంకరింతురని, వారికి విశ్రాంతిస్థానము జాతియే చూపవలెనని దాత ఉద్దేశము. ధనికుని విడిదిలో అతిథిగా నుండు నాయకుడు ఏదో యొకనాడు ఆ ఆతిథ్యమునకు బదులు చెల్లింపవలసివచ్చును గనుక, ఈ యేర్పాటు మిక్కిలి వివేకమైనదని నా నిశ్చితాభిప్రాయము.

అదే జాతి మన దేశములో చేసిన పని వేఱు. 1864 మొదలుకొని వేసవి రాగానే భారత ప్రభుత్వమంతయు, దస్త్రములతోను గుమాస్తాలతోను, కలకత్తా విడిచి వేయిమైళ్లకు పైబడిన దూరమందలి సిమ్లా కొండలకు తరలిపోవుచుండెను. రైలు 1903లో గాని కొండయెక్కలేదు. అంతవఱకు ఆ భారములో అధికభాగము కొండకూలీల వీపులమీదను ఎడ్లబండ్లమీదను ఎక్కెను. 1888లో అచ్చట రాజప్రతినిధికి కోటవంటి భవనము వెలసెను. సిమ్లానుండి దేశమునేలుట అయిదువందలవ అంతస్తుమీద కూర్చుండి వర్తకుడు అంగడి నడపుట వంటిదని గాంధీమహాత్ముడు 1921లో విమర్శించెను. మన జనుల ఆకలి మొఱ్ఱ ఆ మంచుకొండ లెక్కి వినబడలేదనుటకు అంతకంటె సూటియైన మాట లేదు. స్వాతంత్ర్యానంతరము రాష్ట్రపతి నివాసముగా పేర్కొనబడిన ఆ భవనమును, తెలుగుబిడ్డ సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు రాష్ట్రపతిగా నుండగా పండితుల పరిశోధనాలయమునకు ఇప్పించి, 1965 అక్టోబరు 20న తానే ప్రారంభించెను.

1969వ సంవత్సరమున ఇద్దఱు నాయకులు, ఒకరినొకరు అనుకరింపకయే, ఓటమి తరువాత తమ తమ యిండ్ల దారి పట్టిరి. ప్రజాభిప్రాయ సేకరణలో ఓడిన ఫ్రెంచి అధ్యక్షుడు ద గాల్, ఏప్రిల్‌లో పదవి వదలి కొలంబే గ్రామములో 1934లో తాను కొనిన లా బ్వాసెరీ అను యింటికి పోయెను. బుద్ధిమాంద్యముతో పుట్టిన తన చిన్నకుమార్తె ఆన్ ప్రశాంతముగా పెరుగుటకై ఆ దంపతులు ఎంచుకొన్న యిల్లది. మఱల అధికారమునకు వచ్చిన పిమ్మట ఆయన అచ్చటికి అతిథిగా పిలిచిన అన్యదేశ నాయకుడు జర్మనీ అధినేత ఆడెనావర్ ఒక్కడే. 1970 నవంబరులో మరణించినపుడు, ముందే వ్రాసియుంచిన కోరిక ప్రకారము, రాజలాంఛనములు లేక, మంత్రుల ప్రసంగములు లేక, ఊరి యువకులు భుజములపై మోసికొని పోయి ఆన్ సమాధి ప్రక్కనే పూడ్చిరి. అదే 1969 ఆగస్టులో రాష్ట్రపతి యెన్నికలో మఱియొక తెలుగువాడైన వి.వి. గిరిచే ఓడింపబడిన నీలం సంజీవరెడ్డి అనంతపురమునకు మరలి వచ్చి సేద్యము చేసికొనుచు ఏండ్లు గడపి, 1977లో పోటీయే లేకుండ రాష్ట్రపతియై, పదవీకాలము ముగిసిన 1982లో మఱల అనంతపురమునకే చేరెను. పోవుటకొక యూరు, చేయుటకొక పని కలవానికి పదవి వదలుట సులభము.

దక్షిణాఫ్రికా నాయకుడు నెల్సన్ మండేలా కట్టుకొన్న యిల్లు వీనియన్నిటిలోను విలక్షణమైనది. ఇరువదియేడేండ్ల చెఱలో కడపటి కొద్దికాలము, 1988 డిసెంబరు మొదలు 1990 ఫిబ్రవరి 11 వఱకు, ఆయనను విక్టర్ వర్స్టర్ కారాగారపు ఆవరణలోని ఒక అధికారి యింటిలో ఉంచిరి. విడుదలయైన పిమ్మట బాల్యము గడపిన కూనూ గ్రామములో ఇల్లు కట్టదలచి, ఆ కారాగారపు యింటి పటమునే తీసికొని అచ్చముగా అట్లే కట్టించెను. చూచినవారు ఆశ్చర్యపడి దీనికేమో లోతైన అర్థము వెదకిరి. ఆయన మాత్రము తాను నివసించిన మొదటి విశాలమైన యిల్లు అదియే గనుక, గదుల కొలతలు అలవాటైనందున రాత్రివేళ వంటయిల్లు వెదకికొనవలసిన బాధ యుండదని స్వీయచరిత్రలో చెప్పెను. క్రిస్మసు పండుగనాడు చుట్టుపట్ల పల్లెల పిల్లలు వేలకొలది కూనూకు వచ్చి ఆయన చేసిన విందులో పాల్గొనుచుండిరి.

మనకు ఇంటిముంగిటనే ఇట్టి విడిది యొకటి కలదు. సికింద్రాబాదు చేరువ బొల్లారములోని రాష్ట్రపతి నిలయము పూర్వము బ్రిటిషు రెసిడెంటు విడిది. స్వాతంత్ర్యానంతరము నిజాము ప్రభుత్వమునుండి కేంద్రమునకు సంక్రమించి, రాష్ట్రపతి యేటికొకసారి వచ్చి కొన్నిదినములు దక్షిణాదిని నివసించు స్థానమయ్యెను. తొంబది యెకరముల తోటలో, మేడ లేక, పదునొకండు గదులతో నున్న ఆ యిల్లు, ఢిల్లీ సౌధమును చూచివచ్చిన కంటికి మన ప్రాంతపు పాత బంగళాగానే తోచును. ఏటికి కొలదిదినములు మాత్రమే సందర్శకులకు తెఱచుచుండిన ద్వారమును 2023 ఉగాదినుండి సంవత్సరము పొడవునను తెఱచియుంచుట శ్లాఘనీయము. వంటశాల ఆ యింటికి దూరముగా వేఱొక కట్టడములో నున్నది. అచ్చట వండినది నేలక్రింది సొరంగమార్గమున భోజనశాలకు చేరును. మాంటిచెల్లోలో వలెనే ఇచ్చటను దొరలు భుజించుచుండగా మోసినవారు కనబడని యేర్పాటు. మోసినవారు బానిసలు కాకున్నను, నేలక్రిందనే నడచిరి. నేడు ఆ సొరంగపు గోడలపై మన చేర్యాల చిత్రకారుల రంగులు వెలయించి సందర్శకులను ఆ దారిని నడపించుచున్నారు. ఇది మెచ్చదగిన పని. కాని సగము పని. మాంటిచెల్లోలోను మౌంట్ వెర్నన్‌లోను బానిసల గుడిసెలను మఱల కట్టి, దొరికినంతవఱకు వారి పేర్లను, వారి వృత్తులను వ్రాసిపెట్టి, యజమానుల చరిత్రతో సమానముగా చెప్పుచున్నారు. బొల్లారపు సొరంగములో రెసిడెంటుల కాలమునుండి పళ్లెములు మోసిన బట్లరులు, వంటవాండ్రు, తోటమాలులు, నీళ్లు తోడినవారు ఎవరో, ఏ యూళ్లనుండి వచ్చిరో, ఎంత జీతమునకు పనిచేసిరో పాత జీతపు చిట్టాలు వెదకించి, చుట్టుపట్ల బస్తీలలోని వృద్ధులు తమ పెద్దలనుండి విన్న మాటలను వ్రాయించి, ఆ చేర్యాల బొమ్మల ప్రక్కనే తెలుగులో, ఉర్దూలో, హిందీలో ప్రకటించుట కేంద్ర ప్రభుత్వము వెంటనే చేపట్టవలసిన కార్యము. ఆ పనికి మన విశ్వవిద్యాలయముల చరిత్రశాఖల విద్యార్థులను వినియోగించినచో వ్యయమును స్వల్పమే యగును.